నాలుగో తెర మీద పేరు

భవానీపురం, విజయవాడ
జనవరి 2006

శ్రీవారికి,

సుధామణి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాశాను. అక్కడ మీరు నిజంగానే క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి మీ ఉత్తరం నిన్న అందింది. కాగితం నిండా బోటు ఇంజను మసి. చేతులు కడుక్కుని రాస్తే కలం పారిపోతుందా ఏమిటి?

మీరడిగినవాటికి ముందు జవాబులు. మీ చెల్లెలు చిన్నికి పట్టుచీర వన్ టౌన్‌లోనే తీశాం, ముదురు ఆకుపచ్చ. ఆ రంగు వద్దని మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి, అద్దంలో చూసుకున్నాక ఇదే కావాలంది. పెళ్ళి మాఘమాసంలోనే, మార్పు లేదు. గుణదల తిరునాళ్ళ జనం కూడా ఆ రోజుల్లోనే కాబట్టి, మద్రాసులో ఓడ దిగాక రైలు టిక్కెట్టు కోసం అవస్థ పడకుండా ముందే చూసుకోండి.

“ఒక్క కంప్యూటరులో నాలుగు తెరలేంటి, గొప్పలు చెబుతున్నావా?” అని రాశారు. గొప్పలు కాదండీ బాబూ. పెట్టె ఒకటే, అద్దం ఒకటే. కింద పట్టీ మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని బొత్తాలుంటాయి. ఏది నొక్కితే ఆ తెర వస్తుంది, దాంట్లో తెరిచి ఉంచిన పని అలాగే ఉంటుంది, మిగతా మూడూ కనపడవు. వంటగదిలోంచి ముందుగదిలోకి వస్తే వంటగిన్నెలు కనపడవు కదా, అంతే.

నేను టైపు చేసే ప్రెస్సుకి ఇది ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. పోయిన ఏడు ఒక పెళ్ళివారు శుభలేఖ చూసుకోడానికి వచ్చారు. నేను తెర మీదున్న బిల్లుబుక్కు మూయగానే దాని వెనక ఎవరిదో పెద్దకర్మ కార్డు, ఫోటోతో సహా. “శుభమా అని వస్తే ఇదేంటమ్మా!” అని పెళ్ళికూతురి మేనమామ విసురుగా లేచి వెళ్ళిపోయాడు. మా ఓనరు వెంకటకృష్ణారావుగారు సర్వీసుకొచ్చే శివాజీ చేత ఆ వారమే ఈ ఏర్పాటు చేయించారు. మొదటి తెర శుభలేఖలకి. రెండోది బిల్లుబుక్కులకి. మూడోది నా పాటలకి, ఆయనకి తెలీదు. నాలుగోది పోయినవాళ్ళ కార్డులకి. నాలుగూ ఒకేసారి చిన్నచిన్నగా చూపించే బొత్తం కూడా ఒకటుంది. దాని జోలికి పోవద్దని ఆయన గట్టిగా చెప్పారు.

ఇక అసలు విషయం. కూర్చుని చదవండి.

అత్తయ్యకి బాగాలేదు. ఫోన్లో “కాస్త అరగట్లేదంతేరా” అంటుందే, అది అరక్కపోవడం కాదు. కడుపులో గడ్డ, మంచిది కాదు. ఆపరేషనుకి ఒళ్ళు తట్టుకోదు, ఉన్నన్నాళ్ళు నొప్పి తెలీకుండా చూసుకోండన్నారు డాక్టరుగారు. మీకు చెబితే పని వదిలేసి పరిగెత్తుకొస్తారని నా చేత ఒట్టు వేయించుకుంది. ఫోను మోగితే ఆవిడే ముందు ఎత్తుతుంది. నేను పక్కన గుడ్లప్పగించి నిలబడతాను. చిన్నికి కూడా తెలీదు. పెళ్ళికి ముందే ఏదైనా జరిగితే ఏడాది దాకా ముహూర్తం లేదు. మగపెళ్ళివారు ఏడాది ఆగే మనుషులు కారు.

పది రోజుల కిందట మీ అన్నయ్య, బావగారు, ప్రెస్సుకి వచ్చారు. “సుధా, అమ్మ కార్డు కూడా కొట్టి ఉంచమ్మా. ఆ టయానికి నువ్వు ఏడుస్తావా, కీబోర్డు ముందు కూచుంటావా?” అన్నారు. అంటూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన్ని మాత్రం ఏమనగలను? మొదటి తెర మీద చిన్ని శుభలేఖ. నాలుగో తెర మీద మీ అమ్మ. తేదీ దగ్గర ఖాళీ వదిలాను. ‘చింతిస్తున్నాము’ అని ఎంతమందికి కొట్టానో, ఆ రోజు మాత్రం ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను.

సాయంత్రం మిషను ఆపేటప్పుడు, దాచనా వద్దా అని అడుగుతుందండీ ఆ దిక్కుమాలిన కంప్యూటరు. దాచమంటే మనసొప్పదు. మొదటిరోజు వద్దన్నాను. తెల్లారి బావగారు అడిగేసరికి ఆ పేరు మళ్ళీ మొదటినుంచీ కొట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి దాస్తున్నాను.

మొన్న ఆస్పత్రి నుంచి వస్తూ అత్తయ్య తిన్నగా ప్రెస్సుకే వచ్చింది, శుభలేఖ చూస్తానని. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కంగారులో ఒకటి నొక్కబోయి ఆ పాడు బొత్తం నొక్కాను. నాలుగూ ఒక్కసారి పరుచుకున్నాయి. మళ్ళీ ఒకటి నొక్కేలోపే ఆవిడ అద్దం మీదికి వంగింది.

“అది నా ఫోటో కదే? పెద్దది సెయ్యి, సూద్దాం” అంది.

ఏం చేయమంటారు, చేశాను. అక్షరాస్యత కేంద్రంలో నేర్చుకున్న చదువు కదా ఆవిడది, లావు అక్షరాలైతే కూడబలుక్కుంటుంది. అద్దం మీద వేలు పెట్టి తన పేరు చదువుకుంది, “పె… ద్దిం… ట్ల… మ్మ.” వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు తీసి వీధిలోకి వెళ్ళిపోయారు. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

“లెగు. పెళ్ళిది సూపెట్టు” అంది. పైనుంచి కిందికి వేలితో వెతికింది. “ఇందులో నా పేరేదే?”

“కన్యాదానం చేసేది బావగారూ అక్కా కదా అత్తయ్యా, అందుకని వాళ్ళ పేర్లు…”

“అవున్లే. మొగుడు పోయినదాని పేరు శుభలేఖలో ఎందుకు.” మళ్ళీ తనే, “దాంట్లో మాత్రం ఎంత లావున ఏసావే! ఆ లావు అచ్చరాలు ఇందులో ఎయ్యమ్మా. దాంట్లో ఎట్టా ఏసినా నేను సూడను కదా” అంది.

ఏడుపు రాలేదండీ నాకు. కీబోర్డు ముందుకు లాక్కున్నాను.

ఆవిడ పేరు శుభలేఖలో పైనే వేశాను. బావగారు చూసి మండిపడ్డారు. ముత్తైదువ కాని మనిషి పేరు మొదట చూస్తే మగపెళ్ళివారు ఏమంటారో అని ఆయన భయం. శుక్రవారం అచ్చుకి ఇవ్వాలి, ఏదో ఒకటి తేల్చమంటున్నారు ఓనరుగారు. బావగారికి ఎదురు చెప్పే నోరు నాకు లేదు, ఆ పేరు తీసే చెయ్యీ లేదు. కాగితాలు రాలేదనీ, రంగు కుదరలేదనీ సాకులు చెబుతూ ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపగలను?

మీరూ కొడుకే కదా. ఒట్టు తప్పానని తిట్టుకోండి, పడతాను. ఈ ఉత్తరం అందగానే, అమ్మ పేరు ఉంచమని బావగారితో ఫోన్లో ఒక్క మాట చెప్పి, దొరికిన ఓడెక్కి వచ్చేయండి. మీరు గుమ్మంలో అడుగుపెట్టేసరికి, మీ అమ్మ కూడబలుక్కుని చదువుకోగల కార్డే మీ చేతికివ్వాలని ఉంది. అది నా చేతుల్లో లేదు.

ఇట్లు,
ఏం చేయాలో తోచని
మీ భార్య
సుధామణి