కో-పైలట్ వెనక కుర్చీ

మార్చి 3, ఆదివారం

అతికించి చేసుకునే విమానం మోడల్ కిట్ వచ్చింది. మూడింజన్ల పాత జెట్, డెబ్బై రెండో వంతు సైజు. పెట్టె పసిపిల్లల ఉయ్యాలంత ఉంది. ఎక్కడ పెట్టుకుంటావో నాకనవసరం, డైనింగ్ టేబుల్ మీద మాత్రం వద్దంది మా ఆవిడ. డైనింగ్ టేబుల్ మీదే పెట్టాను.

మామయ్యగారు మూత మీది బొమ్మను తడిమి తడిమి చూశారు. ఆయనకు చూపు నడిమధ్యలో పోయింది, అంచుల్లో మాత్రం మిగిలింది. మన ముఖం చూడాలంటే మన చెవి పక్కకు చూస్తారు. ఈ విమానంలో ఇరవై రెండేళ్ళు ఫ్లైట్ ఇంజినీర్‌గా పనిచేశారు. ఇద్దరు పైలట్ల వెనక కూర్చుని ఇంజన్లూ ఇంధనమూ కనిపెట్టుకుని ఉండే మూడో మనిషి. ఆ ఉద్యోగాన్ని తర్వాత కంప్యూటర్ మింగేసింది.

కిట్‌లో కాక్‌పిట్ కుర్చీలు ఎన్ని ఇచ్చారని అడిగారు. రెండు అన్నాను. ఫొటోల్లోనూ అంతేలెండి అల్లుడుగారూ, కిటికీలోంచి చెయ్యూపేది ఆ ఇద్దరే, నేను ఒక్క దాంట్లోనూ పడలేదు అన్నారు.

మూడోది నేను చేస్తానన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

మార్చి 10

నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఇరవై నాలుగేళ్ళుగా ఉన్నాను. ఊళ్ళో సగం మంది ముసలాళ్ళు నా పళ్ళతోనే నవ్వుతున్నారు. మైనం చెక్కే పనిముట్లున్నాయి, అద్దం ఉంది, ఓపిక ఉంది. కుర్చీ ఎంత, ముందరి పన్నంత.

ఇంజినీర్ ప్యానెల్‌ది వేరే కథ. మామయ్యగారు సోఫాలో కళ్ళు మూసుకుని, గాల్లో వేళ్ళతో చూపిస్తూ ఒక్కో మీటరూ చెబుతున్నారు. పై వరసలో ఇవి, వాటి కింద ఇవి, మూలన ఎర్ర మూత ఉన్న స్విచ్చి. తపాలా బిళ్ళంత ప్లాస్టిక్ ముక్క మీద నలభై ఒక్క మీటర్లు. ఆ ఎర్ర స్విచ్చి ఎందుకని అడిగితే, అది ఎందుకో తెలియకుండా బతకడమే మంచిదన్నారు.

మార్చి 23

కుర్చీ అయింది. ఆయన అరచేతిలో పెట్టాను. మాత్రలా మింగేస్తారేమోనని మా ఆవిడ భయపడింది. ఆయన బొటనవేలితో దాని వీపు తడిమి, ఇది నాదే అన్నారు.

మా మోడల్ క్లబ్ ఎగ్జిబిషన్ మే 17 నుంచి మూడు రోజులు. ఆయనతో పనిచేసిన కెప్టెన్ గారికి అప్పుడే ఫోన్ చేసేశారు. ఆదివారం రావాలి, టార్చి తెచ్చుకోవాలి, ముక్కు దగ్గర కిటికీలోంచి నా కుర్చీ చూడాలి అని ఆర్డరు.

పోయిన ఏడాది అక్కడి పోటీలో నాకు సెకండ్ వచ్చింది. ఈసారి చూద్దాం.

ఏప్రిల్ 6

కుర్చీ, ప్యానెల్ లోపల బిగించి బాడీ రెండు సగాలూ అతికించేశాను. ఇక బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు.

ఏప్రిల్ 20, ఉదయం ఏడు

తెల్లరంగు రెండు కోట్లు పడ్డాయి. అద్దంలా ఉంది. మామయ్యగారు వచ్చి, నా కుర్చీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి అన్నారు. కో-పైలట్ వెనక, కుడివైపు. ఆయన వేలు పట్టుకుని విమానం ముక్కుకు కుడిపక్కన ఆనించాను. ముచ్చటపడి టార్చి వేసి లోపలికి చూశాను.

కుర్చీ ఎడంవైపు ఉంది. ప్యానెల్ ఎడమ గోడకుంది. కెప్టెన్ వెనక.

ఆయన వేలు ఇంకా కుడిపక్కనే ఉంది. సరిగ్గా ఇక్కడే కదూ అన్నారు. సరిగ్గా అక్కడే అన్నాను.

ఏప్రిల్ 20, పదకొండు

ఎలా జరిగిందో తెలిసింది. ల్యాబ్ చార్టులో రోగి కుడివైపు పళ్ళు కాగితానికి ఎడంపక్క ఉంటాయి, ఎదురుగా నిలబడి నోరు చూస్తున్నట్టు. ఇన్నేళ్ళలో ఏ బొమ్మ చూసినా నా బుర్ర దాన్ని తిప్పేసుకుంటుంది. కుర్చీ ఎక్కడ పెట్టాలో నేను చూసుకున్న మామయ్యగారి పాత ట్రైనింగ్ పుస్తకంలో కాక్‌పిట్‌ను వెనకనుంచి చూసినట్టు గీశారు. అందులో కుడి అంటే కుడే. నేను దాన్ని కూడా నోరే అనుకున్నాను.

పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆ మాట అప్పుడే అనేస్తే పోయేది. అయ్యో, తిరగబడిందండీ అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. తెల్లరంగు అంత నున్నగా ఉంది, ముక్కు కొయ్యాలంటే మనసు రాలేదు. ఆయనకు ఎలాగూ కనిపించదు అనుకున్నాను. అవును, అదే అనుకున్నాను. ఇక్కడైనా దాచకుండా రాస్తున్నాను.

ఏప్రిల్ 21

సిగ్గుగా ఉంది.

మే 4

ఆయనకు కనిపించదు సరే, కెప్టెన్ గారికి కనిపిస్తుందిగా. టార్చి కూడా తెస్తారు. రెండు వారాలుగా ఇదే గుబులు. ల్యాబ్‌లో ఒకావిడ కింది సెట్టును పైసెట్టు కాగితంతో పంపేశాను.

ఈ రోజు ఇంట్లో ఎవరూ లేరు. కాక్‌పిట్ కిటికీలన్నిటికీ బయటనుంచి నల్లరంగు వేసేశాను.

మామయ్యగారు వాకింగ్ నుంచి వచ్చాక చెప్పాను. సూపర్ గ్లూ ఆవిరి కొట్టి అద్దాలు మసకబారాయి, వేరే దారి లేక నలుపు వేశాను అని. తిడతారనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు. పోనీలెండి, ఇంత కష్టపడ్డారు, కనిపించకపోతేనేం, లోపల ఉంది కదా అన్నారు. తిట్టినా బాగుండేది.

మే 5

మా ఆవిడ ఆ కిటికీలను చాలాసేపు చూసింది. గ్లూ ఆవిరి కొడితే అద్దం తెల్లబడుతుందని నువ్వే ఓసారి చెప్పావు, మరి నలుపెందుకు అంది. అంతా చెప్పేశాను. మొహాన ఉమ్మేసినా పడేవాణ్ణి. ఆవిడ గిన్నెలు సర్దుతూ, అబద్ధం చెబితే అతికినట్టుండాలి, నీకు అతికించడమే వృత్తి, అదీ చేతకాలేదు అంది. మా నాన్నతో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని కూడా అడిగింది. నేనే చెబుతానన్నాను. ఎప్పుడు అంది. ఎగ్జిబిషన్ అయ్యాక అన్నాను. అప్పటినుంచి నాతో అవసరమైతేనే మాట్లాడుతోంది.

మే 17, శుక్రవారం

ఎగ్జిబిషన్ మొదటి రోజు. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే తయారు. మధ్యాహ్నం దాకా టేబుల్ పక్కనుంచి కదల్లేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ నల్ల కిటికీలు చూపించి చెబుతున్నారు: దీని వెనక, కుడివైపు, ఒక కుర్చీ ఉంది, మా అల్లుడుగారు చేశారు, నలభై ఒక్క మీటర్లున్నాయి. జనం ఊఁ ఊఁ అని రెక్కలు చూసి వెళ్ళిపోతున్నారు. ఒకాయన, కనపడనిదానికి ఇంత చెప్పాలా పెద్దాయనా అన్నాడు. మామయ్యగారు నవ్వేశారు. నేను మంచినీళ్ళు తాగే వంకతో బయటికి పోయాను.

మే 18, శనివారం

ఫస్ట్ ప్రైజు వచ్చింది. నీలం రిబ్బను. జడ్జిగారు మైకులో ముఖ్యంగా ఒక మాట అన్నారు, కాక్‌పిట్ కిటికీల నలుపు ఒక్క గీత కూడా బయటికి పోకుండా వేశారట.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా మామయ్యగారు కొట్టారు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఆయన్ను క్యాంటీన్‌లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. టీ తెచ్చాను. చెప్పేశాను. చార్టు, నోరు, ఎడమ, గ్లూ ఆవిరి అబద్ధం, ఆయనకు కనిపించదని అనుకున్న మాటతో సహా. చెబుతున్నంతసేపూ ఆయన నా చెవి పక్కకు చూస్తున్నారు, అంటే నా ముఖంలోకే.

టీ చల్లారిపోయింది. అప్పుడు అన్నారు. ఎడంవైపైతే ఎడంవైపే కూర్చునేవాణ్ణి కదా, కిటికీ ఎందుకు మూశావు నువ్వు?

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఆయన నోట నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. చెంపదెబ్బ కొట్టినట్టయింది.

మే 19, ఆదివారం

పొద్దున్నే హాలు తెరిపించాం. దూది స్పిరిట్‌లో ముంచి కిటికీలు తుడిచాను. మామయ్యగారు పక్కనే కుర్చీ వేసుకుని, అయిందా, ఇంకెంతుంది అని అడుగుతూనే ఉన్నారు. ఒక అద్దం మీద గీత పడింది. పడనీ. లోపల అంతా కనిపిస్తోంది.

క్లబ్ సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. ప్రైజు ఇచ్చాక మోడల్‌ను ముట్టుకోవడం రూల్సుకు విరుద్ధమన్నాడు. రిబ్బను తీసి ఆయన చేతిలో పెట్టాను. అలా ఊరికే ఇచ్చేస్తానని అనుకోలేదేమో, పాపం, కాసేపు దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

తర్వాత మామయ్యగారు నాచేత ఒక అట్టముక్క మీద రాయించారు. ఒక్కో మాటా ఆయనే చెప్పారు. ఈ విమానం లోపల ఒక తప్పు ఉంది. ముక్కు దగ్గర వంగి, టార్చి వేసి చూసి, కనిపెట్టండి. కింద నా పేరు రాసి సంతకం పెట్టమన్నారు. పెద్దక్షరాలతో రాయమన్నారు. చెయ్యి రాలేదు. రాయి అన్నారు. రాశాను.

ఇక చూడాలి జనాన్ని! తప్పు ఉందంటే చాలు, లోకమంతా పనులు మానుకుని వస్తుంది. క్యూ కట్టారు. వంగి వంగి చూశారు. నడుం పట్టేసినావిడ కూడా మనవరాలి భుజం పట్టుకుని వంగింది. ప్రతివాడూ ఆ కుర్చీ చూశాడు, ఆ మీటర్లు చూశాడు. ఇంత చిన్న స్విచ్చికి ఎర్ర మూత కూడానా అన్నారు. మామయ్యగారు అది ఎందుకో చెప్పలేదు.

అసలు తప్పు మాత్రం ఎవరికీ దొరకలేదు. లోపల దొరక్క బయట వెతికారు. యాంటెనా వంకరన్నారు, చక్రాల తలుపు పొడుగన్నారు, తోక మీది చార ఒకవైపు లావన్నారు. మొత్తం పదకొండు చెప్పారు. పదకొండూ నిజమే. నేను సంతకం వెనకాలే నిలబడి, అవునండీ, అదీ తప్పేనండీ అంటూ ఉన్నాను.

నాలుగింటికి కెప్టెన్ గారు వచ్చారు. భారీ మనిషి, కర్ర ఉంది. అట్టముక్క చదవలేదు. తిన్నగా వంగి టార్చి వేసి చూశారు. లేవలేదు. ఎంతసేపటికీ లేవకపోతే కింద పడతారేమోనని పట్టుకోబోయాను.

లోపలే చూస్తూ అన్నారు: ఇన్నేళ్ళూ ఆ కో-పైలట్ వెనక కూర్చున్నావు, నా వెనక్కి ఎప్పుడొచ్చావురా?

మామయ్యగారు పడీ పడీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. కెప్టెన్ గారు ఎవడు చేశాడురా ఇది అని అడిగారు. మామయ్యగారు నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, వీడే అన్నారు. తల ఎత్తలేకపోయాను.

మే 21, మంగళవారం

పొద్దున మామయ్యగారికి కాఫీ ఇస్తే, మీరు తాగారా అల్లుడుగారూ అన్నారు. మళ్ళీ మీరు. నువ్వే బాగుండేది.