పిచ్చుక వేసుకున్న వంకర జడ

అక్కా,

నీ కూతురు నిక్షేపంగా ఉంది, బెంగ పెట్టుకోకు. ఈ కొండమీద ఫోను పలకదు, అందుకే కార్డు.

మేం తీస్తున్న సినిమా వెనకటి రోజుల కథ. ఊరికి దూరంగా, అక్కడే ఉండి చదువుకునే ఆడపిల్లల బడి. మన పిచ్చుకది చిన్న వేషమే. కన్నవాళ్ళు చూడ్డానికొచ్చే రోజున అందరికీ ఎవరో ఒకరు వస్తారు, దీనికి ఎవరూ రారు. గేటు దగ్గర నిలబడి చూడాలి, అంతే. పిల్లలందరికీ తల దువ్వేది నేనే కదా, దీనికి మరీ ముచ్చటగా రెండు జడలు అల్లి పంపాను. తీరా కెమెరా ముందుకొచ్చేసరికి ఒక జడ చెవిమీద, ఒకటి వీపుమీద! నాకు ఒళ్ళు మండి, "ఎవరే విప్పింది?" అని కేకలేశాను.

"నేనే పిన్నీ. అమ్మ వచ్చే రోజు జడ వంకరగానే వేసుకోవాలి. అప్పుడే కదా, అమ్మ కూర్చోబెట్టి విప్పి మళ్ళీ వేస్తుంది" అంది.

డైరెక్టరుగారు అది విని నన్ను దువ్వెన లోపల పెట్టెయ్యమని, ఆ జడలతోనే తీశారు. ప్రధానోపాధ్యాయురాలి వేషం వేసే పెద్దావిడ, ఎవరినీ మెచ్చుకోని మనిషి, పక్కకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఏం పిల్లను కన్నావక్కా!

నా ఉన్ని శాలువా తీసుకురా, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. వంటింటి కుళాయి బాగుచేయించారా? బావగారిని అడిగానను, చంటాడికి ముద్దులు.

ఆదివారం వస్తానన్నావు, మాట తప్పకు. ఆ రోజు దాని తల నేను ముట్టుకోను.

నీ చెల్లి