దడికి అటువైపు పూసిన తీగ

అంగలకుదురు,
10-8-1987

అక్క రాజమ్మకు తమ్ముడు దేవసహాయం వందనాలు.

దేవుని దయవల్ల ఒంట్లో బాగానే ఉంది. నిద్ర మాత్రం లేదు.

నువ్విచ్చిన నీలి శంఖుపూల విత్తనాలు తొలకరికి దడి వెంట పెట్టాను. తీగ బాగా పాకింది. పూసింది కూడా అంటున్నారు. నేను చూడలేదు. నా వైపు వేపచెట్టు నీడ. తీగ ఎండ కోసం దడి దాటింది. పూలన్నీ పక్కింటి ఏసమ్మగారి వైపు. ఆవిడ బడిలో ఆయాగా చేసి మానేసింది. భర్త పోయాడు. ఒక్కతే ఉంటుంది. దడి నాకన్నా ఎత్తు.

నీళ్ళు పోస్తాను. లోపలికొస్తాను. మళ్ళీ వెళ్తాను. ఇటువైపు ఆకులే. ఏం చేయను?

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఆవిణ్ణే అడగమనకు.

* * *

బాపట్ల,
14-8-1987

తమ్ముడు దేవసహాయానికి అక్క దీవెనలు.

ఒరేయ్, రేపల్లె మిల్లులో ముప్పై ఏళ్ళు బస్తాలు కుట్టి కుట్టి, ఆ దబ్బనంతో నోరు కూడా కుట్టుకున్నావా? పెళ్ళిచూపులకని తీసుకెళ్తే, పిల్ల కాఫీ తెచ్చేలోపు పెరటి దారిన స్టేషనుకి పోయినోడివి. నీకిప్పుడు నేనేం చెప్పను!

అయినా చెప్తున్నా. నీ తీగ, నీ నీళ్ళు. నీ పూలు నువ్వు చూసుకోవడానికి సిగ్గేంటి? దడి ఎత్తుంటే రోలు లేదూ? దొర్లించుకుని దాని మీదెక్కి చూడు.

ఇట్లు,
రాజమ్మ

తా.క. నేనే రెండు గంటల బండెక్కి వచ్చేదాన్ని. గేదె ఈనడానికి ఉంది. నీకన్నా అదే నయం, కనీసం అరుస్తుంది.

* * *

అంగలకుదురు,
20-8-1987

అక్కకు వందనాలు.

రోలు ఎక్కాను. పూలు కనపళ్ళేదు. ఏసమ్మగారు కనపడింది. తల దువ్వుకుంటోంది. దిగిపోయాను.

మర్నాడు కూడా ఆవిడ ఉంటుందేమోనని కళ్ళు మూసుకుని ఎక్కాను. పూలు కూడా కనపళ్ళేదు.

పాలు పోసే యలమంద చూశాడు. "ఏంటి పెద్దాయనా, పొద్దున్నే రోలెక్కావు?" అన్నాడు. ఏం లేదన్నాను. నవ్వుకుంటూ పోయాడు. అప్పట్నుంచి కూర్చోలేను, నుంచోలేను.

ఇట్లు,
దేవసహాయం

తా.క. యలమంద పాలల్లో నీళ్ళు కలపడం మానేశాడు. ఎందుకో భయంగా ఉంది.

* * *

బాపట్ల,
24-8-1987

తమ్ముడికి దీవెనలు.

ఏం లేదంటావేంట్రా మొద్దూ! పూల కోసం అంటే పోయేది గదా. ఇప్పుడు మానేశావనుకో, తప్పు చేశావు గనకే మానేశావంటారు. రోజూ ఎక్కు. ఒక్కరోజు ఎక్కితే దొంగ చూపు, రోజూ ఎక్కితే అలవాటు.

అదీ కాకపోతే మనిషిలాగా వీధి గుమ్మంలోంచి వెళ్ళు. "బాగున్నారా అండీ" అను. పూలు చూడు. వచ్చెయ్. వట్టి చేతులతో మాత్రం పోకు, మన ఇంటి మర్యాద పోతుంది. నాలుగు పళ్ళు పట్టుకెళ్ళు. ఉతికిన పంచె కట్టుకో.

ఇట్లు,
రాజమ్మ

తా.క. గేదె ఈనింది. పెయ్యదూడ. నీకన్నా అదే ముందు లేచి నుంచుంది.

* * *

అంగలకుదురు,
8-9-1987

అక్కకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను.

రోజూ ఎక్కాను, కళ్ళు మూసుకునే. వీధిలో వాళ్ళకి అలవాటయింది. ఇప్పుడు నేనెక్కే వేళకే ముగ్గురు నలుగురు వచ్చి నుంచుంటున్నారు.

తర్వాత పళ్ళ కోసం తెనాలి బజారుకెళ్ళాను. కొట్టతను ఎవరింటికి అన్నాడు. ఏసమ్మగారింటికి అన్నాను. నా పంచె చూశాడు. అరటిపళ్ళతో పాటు తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు సంచిలో వేశాడు. వద్దనలేకపోయాను.

ఆ రోజు ఆవిడింట్లో స్త్రీల ప్రార్థన కూటమి. నిండా ఆడవాళ్ళు. సంచి గడపలో పెట్టాను. పళ్ళూ ఆకులూ దొర్లిపోయాయి. వాళ్ళలో అచ్చమ్మగారు అవి ఏరుతూ, "అమ్మో, ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేదనుకున్నాం, పసుపుతో సహా తెచ్చాడు!" అంది. వచ్చేశాను. తలెత్తలేదు. పూలు చూడలేదు.

సాయంత్రం చర్చి పాస్టరు బర్నబాసు అయ్యగారు వచ్చారు. "తోడు కోరుకోవడం పాపం కాదు దేవసహాయం. ఏసమ్మను అడిగాను. ఆయనకి ఇష్టమైతే సరే అంది. నీకు ఇష్టమేనా?" అన్నారు. పూల కోసమండి అందామనుకున్నాను. తల దించుకున్నాను. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మొన్న ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన చదివారు. నా పేరు వినపడింది.

ఇట్లు,
దేవసహాయం

తా.క. ఆమెన్ నేను కూడా అన్నాను. అలవాటున.

* * *

బాపట్ల,
14-9-1987

తమ్ముడికి,

దీవెనలు తర్వాత.

నేను పూలు చూసి రమ్మంటే నువ్వు తాంబూలాలిచ్చి వస్తావా? పాపం ఆ మనిషి పరువు కూడా బజారున పెట్టావు గదరా! నిన్నటితో రెండో ప్రకటన కూడా అయుంటుంది. ఇరవయ్యో తారీకు ఆదివారం మూడోది. "అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి" అంటారు. లే. జన్మలో ఒక్కసారి నోరు విప్పు. లేవకపోతే ఇక ఎవరూ ఆపలేరు. ఇష్టంలేని మనిషితో ఆవిడ బతుకేం గాను?

రాజమ్మ

తా.క. ఇంతకీ ఆవిడ చేపల పులుసు ఎలా పెడుతుంది? ఊరికే అడుగుతున్నా.

* * *

అంగలకుదురు,
20-9-1987, ఆదివారం

అక్కకు వందనాలు.

లేచాను.

అంతకుముందు సంగతి చెప్పాలి. శుక్రవారం పొద్దున నీళ్ళు పోయడానికి వెళ్తే, దడిలో ఒక తాటాకు తీసేసి ఉంది. సరిగ్గా నా కంటి ఎత్తున. అందులోంచి పూలు. అక్కా, అంత నీలం నేనెక్కడా చూడలేదు. చెంబు కిందపెట్టడం మర్చిపోయాను.

అటువైపు నుంచి గొంతు: "ఇప్పుడు కనపడుతున్నాయా అండీ?"

ఆఁ అన్నాను.

"మీరు పూల కోసమేనని నాకు రెండోరోజే తెలుసు. నన్ను చూడాలనుకున్నోడు కళ్ళు మూసుకుని రోలెక్కడు గదా. మీకు ఇష్టం లేకపోతే ఆదివారం లేచి చెప్పెయ్యండి. నేనేమీ అనుకోను."

రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇవాళ అయ్యగారు అభ్యంతరాలు అడిగారు. లేచాను. అందరూ తిరిగి చూశారు. ఏసమ్మగారు మాత్రం తల తిప్పలేదు. వేళ్ళతో కొంగు గట్టిగా పట్టుకుని ఉంది.

చెప్పాను. "అయ్యగారూ, పెళ్ళి సాయంత్రం పెట్టారండి. అప్పటికి శంఖుపూలు వడిలిపోతాయండి. పొద్దున పెట్టండి" అన్నాను.

అంత పెద్ద మాట చర్చిలో నేనెప్పుడూ అనలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి. దూడని ఎవరికైనా అప్పజెప్పి రా.

ఇట్లు,
నీ తమ్ముడు దేవసహాయం

తా.క. ఇక దడి తీసేద్దాం అంటోందట ఏసమ్మగారు. మరి తీగ దేని మీద పాకాలి? నాకు అడగాలంటే మొహమాటంగా ఉంది. ఆవిడకి నువ్వొక కార్డు రాయి.