రంపం లాగిన పద్యం

డోన్, 1936, శుక్రవారం రాత్రి

ఆ వడ్రంగి మేస్త్రీ ఖాదర్ సాహెబు మీద నాకెందుకింత మంట?

వారానికి రెండు రోజులు రైలెక్కి కర్నూలు పారిశ్రామిక పాఠశాలకు పోయి తెలుగు చెప్పి వస్తున్నాను. ఈ వేళ పోయినవారం పద్యం అప్పజెప్పమంటే పన్నెండు మందిలో ఒక్కడూ నోరు విప్పలేదు. వచ్చే ఏడు తెలుగు గంట తీసేద్దామని సూపరింటెండెంటు అంటున్నాడు. ఇదంతా చూస్తే ఏమంటాడో...

గంట కొట్టాక వర్క్‌షాపు ముందు నుంచి వస్తూ ఆగిపోయాను. ఆ పిల్లలే, ఇద్దరిద్దరుగా పెద్ద రంపం లాగుతూ నా పద్యమే పాడుతున్నారు! నాలుగు పాదాలూ, ఒక్క మాట తప్పకుండా. ఇద్దరి చేతులూ ఒక్క ఊపున ఆడకపోతే రంపం బిగుసుకుపోతుందట. అందుకని మేస్త్రీ రోజూ ఏదో ఒకటి పాడిస్తాడట.

నన్ను చూసి రంపపు పొట్టు దులుపుకుంటూ వచ్చాడు.

"రాండి అయ్యవారూ! మీ పద్యం శానా బాగుండాది, లాగుడు కుదిరింది. దుంగ ఇంకా సగముండాది, ఇంకోటి చెప్పి పోండి."

అతని మాటలో వెక్కిరింపు ఏ కోశానా లేదు. అదే భరించలేకపోయాను. నా దగ్గర చచ్చిన పద్యం అతని దగ్గర బతికింది.

"రైలుకు టైమైంది" అన్నాను.

కాలేదు. రెండు గంటలు స్టేషనులో ఒంటరిగా కూర్చున్నాను. ఊరికే ఉండలేక ఆ పద్యమే చదువుకున్నాను. కాసేపటికి చూసుకుంటే నా చేతులు ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి. గొంతు నాదే. లాగుతున్నది మాత్రం అతని రంపం.