వెనక్కి పోయిన తేదీ

చిన్నోడా,

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌ను తిట్టావు. నీ విమానం ఆటలో మీటర్లు చూపించే రెండో తెర నల్లబడింది దాన్ని నడిపే మీ అమ్మ పాత కంప్యూటర్ వల్ల. లోపలి గుండీ బ్యాటరీ చచ్చి, కంప్యూటర్ తేదీ అది తయారైన ఏడాదికి పోయింది. అందుకే మీటర్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు చెల్లదంటోంది. కొత్త బ్యాటరీ వేశాను. ముందు తేదీ సరిచెయ్యి, తర్వాత ఆట తెరువు, ఆఖరున మీటర్లు.

ఆడేటప్పుడు చెవులకు ఆ హెడ్‌ఫోన్ డిప్పలు పెట్టకు. ఆ రోజు అమ్మ పడిపోయి పిలిస్తే పక్కింటికి వినబడింది, పక్క గదిలో ఉన్న నీకు వినబడలేదు. నేను మర్చిపోను.

నాన్న

తేదీ నేనే మార్చబోయాను. అమ్మ బతికున్న సంవత్సరం కనబడింది, చెయ్యి రాలేదు. మారిస్తే ఇక వెనక్కి పోదు. నువ్వే మార్చు.