జెనీవాలో లేని వంతెన

తిరువూరు, 14 సెప్టెంబరు 1974, శనివారం.

ఒంట్లో ఓపిక లేదు. అయినా రాయకపోతే నిద్ర పట్టదు.

రైతుల బృందంతో యూరప్ వెళ్ళి వచ్చిన సుబ్బారాయుడు గారు సాయంత్రం మా గ్రంథాలయానికి వచ్చారు. జెనీవాలో ఒక పూట ఖాళీ ఉంటుందంటే, గ్రంథాలయంలోని ఒక యాత్రా పుస్తకం చూసి, చూడవలసినవి పదకొండు వరుసగా రాసి ఇచ్చినవాణ్ణి నేనే. సరస్సు, ఆకాశానికి ఎగజిమ్మే నీటిధార, పూల గడియారం... చివరిది పైకప్పున్న పాత చెక్కవంతెన.

ఆయన విమానం ఎక్కిన మూడోనాడు ఆ పుస్తకాన్ని అరలో పెట్టబోతే, చెమ్మకు అతుక్కున్న రెండు పుటలు విడివడ్డాయి. ఆ వంతెన జెనీవాది కాదు, లూసెర్న్ నగరానిది. ఉత్తరం రాసినా అందే వ్యవధి లేదు. ఐదో తరగతితో చదువు ఆగిన నన్ను నమ్మి, ఆయన పరాయి వీధుల్లో నా కాగితం చూపిస్తూ తిరుగుతున్నట్టే తోచి, పదిహేను రోజులు అన్నం సహించలేదు.

"మీ కాగితం జేబులో పెట్టుకునే తిరిగానండి మాస్టారూ. పదకొండూ చూసేశా," అన్నారు.

"వంతెన కూడానా అండి?"

"చూడకుండా వస్తానా? ఏం చెక్కండీ అది. మన ఎ.కొండూరు వాగు మీద వేస్తే తెల్లారేసరికి దూలం కూడా మిగల్చరు."

నవ్వాను. మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాను.

ఆయన తిరిగి ఇచ్చిన కాగితాన్ని ఇంటికి వచ్చి విప్పాను. పది టిక్కులు పెన్సిలువి. పదకొండవది నా బల్ల మీది ఊదా సిరాతో పెట్టినది. నేను మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు పెట్టి ఉంటారు.

అక్కడ ఎంతసేపు వెతికారో మాత్రం అడగలేను.