సందుల్లో ఇసుక

శుక్రవారం, రాత్రి

మా ఆయన అక్క నిన్న పొద్దంతా వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. పేవర్ బ్లాకుల సందుల్లో మొలిచిన గడ్డిని పాత కత్తితో గీకి, జల్లించిన ఇసుక పోసి, చీపురుతో లోపలికి నెట్టింది. ఇసుక లేక బ్లాకులు కదులుతున్నాయని తనంతట తానే పెట్టుకున్న పని. నేను చెప్పలేదు.

"మే సుజాతా, రెండ్రోజులు ఈడ నీళ్ళు పోయొద్దు. ఇసక కూసోవాల. ఇది అయిపోతే నేను పీలేరులో మా పాప ఇంటికి పోతా" అంది.

ఈరోజు తెల్లారగానే నేను పైపు పట్టుకుని, కొసన బొటనవేలు నొక్కి, ఒక్కో సందూ కడిగాను. ఇసుకంతా కాలువలోకి పోయింది. ఆమె పరుగున వచ్చింది.

"శుక్రవారం పూట వాకిలి కడక్కుండా ముగ్గు యాడ పెట్టేది వదినా?" అన్నాను.

ఆమె జల్లెడ తెచ్చుకుని మళ్ళీ కూర్చుంది. లేవాల్సి వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని లేచింది. నేను చూస్తూ కాఫీ తాగాను. పెళ్ళైన కొత్తలో నా ముగ్గు వంకరగా ఉందని పక్కింటివాళ్ళ ముందు కాలితో చెరిపేసింది ఈమే.

మేడ మీంచి మా ఆయన చూశాడేమో. చూసుంటే అడిగేవాడే...

ఈమె ఎప్పుడు పోతుందా అని రెండేళ్ళుగా ఎదురుచూశాను. ఇప్పుడు పోనివ్వాలని లేదు. సాయంత్రానికి సందులన్నీ మళ్ళీ నింపేసింది. రేపు శనివారం, స్వామివారి రోజు. వాకిలి ఇంకా బాగా కడగాలి.